నెగటివ్ నంబరు

విజయవాడలో ఫొటోగ్రాఫర్లు నలుగురు ఒకచోట చేరితే రాబోయే కెమెరా గురించే మాట్లాడుకుంటారు. ఇంకా ఎవరూ కళ్లతో చూడనిది, కంపెనీ పేరెత్తనిది, ఫలానా నెలలో వస్తుందని ఎవరో ఎవరికో చెప్పింది. "ఈసారి వంద మెగాపిక్సెల్ అంటన్నారండీ" అని ఒకరంటే, "సెన్సర్ తయారైపోయిందంట, బాడీ ఒక్కటే మిగిలిందంట" అని ఇంకొకరు అందుకుంటారు. గవర్నర్‌పేటలో కలర్ ల్యాబ్ మెట్ల మీద, బీసెంట్ రోడ్డు టీకొట్టు దగ్గర, గుడివాడలోనో అవనిగడ్డలోనో పెళ్లిపందిరి వెనక జనరేటర్ పక్కన, ఇరవై ఏళ్లుగా ఇదే కబురు. అంకె మాత్రం పెరుగుతూ వచ్చింది. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లూ మేం తీసిన ఫొటోల్లో ఎన్ని మిగిలాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, వాటిలో ఉన్నవాళ్లు ఎవరు అన్న ప్రశ్న మా మధ్యకు రాలేదు. మేమే రానివ్వలేదు. వస్తే చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు.

2011 నాటి సంగతి చెప్పాలి. అప్పట్లో మాలో కాస్త పెద్ద స్టూడియోల వాళ్ల చేతుల్లో నికాన్ డి700 ఉండేది, 12.1 మెగాపిక్సెల్. దాని తర్వాత వచ్చేది ఏకంగా 36 అని పుకారు పుట్టింది. ఆ ఏడాది మార్చిలో జపాన్‌లో భూకంపం వచ్చి సెండాయ్ దగ్గర నికాన్ ఫ్యాక్టరీ దెబ్బతింది. అక్టోబరులో థాయిలాండ్ వరదలకు అయుత్థయలోని ఇంకో ఫ్యాక్టరీ నీట మునిగింది. అంతకు రెండేళ్ల ముందే, 2009 అక్టోబరులో, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి 11 లక్షల క్యూసెక్కుల కృష్ణను చూసినవాళ్లం మేం. ఇళ్లలోకి నీళ్లొస్తే ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ వార్తలు విని మేం అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే కెమెరా ఎన్ని నెలలు లేటవుద్ది?"

2012 ఫిబ్రవరి 7న డి800 రానే వచ్చింది. 36.3 మెగాపిక్సెల్. అంటే ఒక్క ఫొటోలో 3 కోట్ల 63 లక్షల చుక్కలు. మార్చి 2న కేనన్ తన 5డి మార్క్ 3ని 22.3తో తెస్తే కేనన్ వాడేవాళ్లు చిన్నబోయారు. 2015లో కేనన్ 5డిఎస్ 50.6తో ఆ లోటు తీర్చింది. 2017లో నికాన్ డి850 45.7, 2019లో సోనీ ఏ7ఆర్ 4 61, అదే ఏడాది ఫ్యూజీఫిల్మ్ జిఎఫ్ఎక్స్ 100 పేరుకు తగ్గట్టే పది కోట్ల పైన. మరుసటి ఏడాది జేబులో పెట్టుకునే సామ్‌సంగ్ ఫోనే 108 అంది. ఈ అంకెలన్నీ నేను ఏ పుస్తకమూ చూడకుండా రాస్తున్నాను. ఇదే నోటితో, నేను తీసిన పెళ్లిళ్లలో ఒక్క పెళ్లికూతురి తల్లి పేరు చెప్పమంటే చెప్పలేను.

చుక్కలు పెరిగితే ఫొటో ఎంత మెరుగవుతుందో మాకు తెలియక కాదు. డి700 ఫొటో అడ్డంగా 4,256 చుక్కలు, డి800 ఫొటో 7,360. మొత్తం చుక్కలు మూడింతలైనా, అడ్డంగా కొలిస్తే రెండింతలు కూడా కాలేదు. సన్నటి వివరం రెట్టింపు కావాలంటే చుక్కలు నాలుగింతలు కావాలి. 24 నుంచి 36కు వెళితే అడ్డం కొలతలో పావు వంతు కూడా పెరగదు. ఆ పెరిగిన కాస్తా దక్కాలన్నా మంచి లెన్సు, కదలని స్టాండు, చాలినంత వెలుతురు ఉండాలి. మా పెళ్లిళ్లలో ముహూర్తం అర్ధరాత్రి దాటాక. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు బంధువులంతా పీట చుట్టూ మూగుతారు, భుజం మీద భుజం తగులుతుంటుంది, స్టాండుకు చోటెక్కడిది? చెయ్యి వణికినంత మేర ఆ కోట్ల చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. డెల్టా తేమకు లెన్సుల లోపల ఫంగస్ పాకుతుంది. దాన్ని శుభ్రం చేయించడానికి వెనకాడినవాళ్లం కూడా బాడీ మార్చడానికి వెనకాడలేదు.

ఇంతా చేసి అది చేరేది ఎక్కడికి? ఆల్బంలో రెండు పేజీలు కలిసిన షీటు 12 అంగుళాలకు 36. అంగుళానికి 300 చుక్కల లెక్కన షీటంతా కలిపి 3 కోట్ల 89 లక్షలు. ఆ షీటు మీద పూల డిజైను వేసి, ఏడు ఫొటోలు పేర్చేవాళ్లం. ఒక్కోదానికి దక్కేది యాభై లక్షల పైచిలుకు. 2004లో వచ్చిన నికాన్ డి70, 6.1 మెగాపిక్సెల్‌ది, ఆ పని చేసి పెట్టేది. ఇంట్లో 4కె టీవీ పెట్టుకున్నా దాని తెర మీద ఉండేవి 83 లక్షల చుక్కలే. ఇక వాట్సాప్‌లో వెళ్లే ఫొటో సంగతి అందరికీ తెలుసు. పార్టీలు ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడు "మీది ఎన్ని మెగాపిక్సెల్ అండీ" అని అడగడం మొదలుపెట్టారని మేం సాకు చెబుతాం. ఆ ప్రశ్న వాళ్లకు నేర్పింది మేమే. ఎదుటి స్టూడియో వాడికన్నా పెద్ద అంకెను విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించి, పనితనానికి అదే కొలత అని ఊరిని నమ్మించాం.

డబ్బు దండగైందన్న బాధ ఒకటుంది కానీ అది చిన్నది. అంతకన్నా పెద్ద తప్పు ఆ అంకె వెంటే లోపలికొచ్చింది. నికాన్ డి90 కెమెరా రా ఫైలు పది పదకొండు ఎంబీ ఉండేది. డి800 దగ్గరికి వచ్చేసరికి నలభై దాటింది. పెళ్లికొడుకును చేయడం దగ్గర్నుంచి రిసెప్షన్ దాకా నాలుగు వేల ఫ్రేములు తీస్తే 160 జీబీ పైనే. రెండో కెమెరా, వీడియో, డ్రోను వేరే. ఒక్క మాఘమాసం సీజనుకు హార్డ్ డిస్కులు నిండిపోయేవి. ఏం చేశాం? ఆల్బం డెలివరీ అయి, బ్యాలెన్సు డబ్బులు చేతికందాక రెండు మూడు నెలలు చూసి, ఫోల్డరు డిలీట్ చేశాం. వచ్చే పెళ్లికి జాగా కావాలి కదా. ఫొటో ఎంత పెద్దదైతే అంత త్వరగా చెరిపేశాం. కోట్ల చుక్కల కోసం అప్పు చేశాం, ఆ చుక్కల బరువు మోయలేక ఫొటోనే పారేశాం. ఇది ఏ ఒక్క స్టూడియో అలవాటో కాదు. బెజవాడ నుంచి బందరు దాకా నాకు తెలిసిన పద్ధతి ఇదే, నాదీ ఇదే.

మా ముందువాళ్లు ఇలా చేయలేదు. యాషికాలో 120 రోలు వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి. ఫిల్ము ఖరీదు, మందు నీళ్ల ఖరీదు, బ్రోమైడ్ కాగితం ఖరీదు. అందుకే ప్రతి ఫ్రేముకూ లెక్క ఉండేది. పాత స్టూడియో ఫొటో ఏదైనా ఇంట్లో ఉంటే తిప్పి చూడండి. వెనక స్టూడియో ముద్ర, దాని కింద చేత్తో రాసిన నంబరు. అదే నంబరు నెగటివ్ కవరు మీద. అదే నంబరు రిజిస్టరులో, పక్కన పేరు, ఊరు, తేదీ. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ నంబరు చెబితే కాపీ వేసి ఇచ్చేవారు. "నాన్నగారు పోయారండీ, పటం కట్టించాలి" అని ఎవరైనా వస్తే, రిజిస్టరు తిప్పి, డబ్బాలోంచి నెగటివ్ తీసి, ఎన్‌లార్జర్ కింద పెట్టేవారు. ఫొటోగ్రాఫర్ అంటే ఊరి ముఖాలకు కరణం లాంటివాడు.

ఆ రిజిస్టరు విలువ ఎంతో తెలియాలంటే 1977 నవంబరు 19ని తలుచుకోవాలి. ఉప్పెన దివిసీమను ముంచింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో ఒక మనిషికి బతుకంతా కలిపి ఒకటో రెండో ఫొటోలు. గోడకు వేలాడేది ఇంటితో పాటే కొట్టుకుపోతే, ఆ ముఖం మళ్లీ కనపడే దారి ఎక్కడో టౌనులో స్టూడియో డబ్బాలో ఉన్న నెగటివ్ ఒక్కటే. సముద్రం పక్కన, నది ఒడ్డున, కాలవల మధ్య బతికే జనానికి ఫొటో రెండోచోట దాచి ఉంచడం అన్నది ఎంత అవసరమో మా పెద్దలకు తెలుసు.

డిజిటల్ వచ్చింది, డార్క్ రూములు మూతపడ్డాయి. ఎరుపు దీపం తీసేసి ఆ గదిలో కంప్యూటర్ పెట్టుకున్నాం. నెగటివ్ డబ్బాలు అడ్డమనిపించాయి. తేమకు ఒకదానికొకటి అంటుకున్నాయని, ఇక ఎవరడుగుతారని, వెండి తీసేవాళ్లకు కిలోల లెక్కన అమ్మినవాళ్లున్నారు. చెత్తబండికి వేసినవాళ్లున్నారు. రిజిస్టర్లు పాతపేపర్లతో పాటు వెళ్లిపోయాయి. కెమెరాను మార్చుకోవడం తప్పు కాదు. నంబరు వేసే అలవాటును కూడా ఆ డబ్బాలతో పాటే తీసి బయట పెట్టడం తప్పు. డిజిటల్ ఫైలులో పేరు, ఊరు, తేదీ రాసుకునే వీలు ఆ ఫైలులోనే ఉంటుంది, రిజిస్టరు కూడా అక్కర్లేదు. ఇన్నేళ్లలో మాలో దాన్ని వాడినవాళ్లు నాకు కనపడలేదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక నీళ్లలో రోజుల తరబడి ఉన్నాయి. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009ని మించి. నీళ్లు తీసిన తర్వాత జనం బురద కడుక్కుంటూ, బీరువాల్లోంచి ఆల్బంలు తీసి డాబాల మీద ఎండబెట్టుకున్నారు. ఉబ్బిన షీట్లు విడదీస్తే ముఖాలు ఊడి అవతలి పేజీకి అంటుకున్నాయి. పెన్‌డ్రైవులు, సీడీలు బురదలో. అప్పుడు వాళ్లు మా స్టూడియోలకు వచ్చారు. "మా పెళ్లి ఫొటోలు మీ దగ్గర ఇంకో కాపీ ఉంటాయి కదండీ?" ఉంటాయనే నమ్మకంతోనే అడిగారు. ఒకామె, భర్త పోయి ఏడాది కాలేదట, ఆల్బం అంతా వద్దు, ఆయనది ఒక్కటి ఉన్నా చాలని అంది. లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. "అంత పెద్ద కెమెరాతో తీశారు కదండీ" అంది ఆమె. ఆ మాటలో నిష్ఠూరం లేదు. పెద్ద కెమెరాతో తీస్తే ఫొటో ఎక్కువకాలం ఉంటుందని ఆమె నిజంగా అనుకుంది. అలా అనుకోవడం న్యాయమే.

ఆ వరద రోజుల్లో మేం ఊరికే లేం. డ్రోన్లు ఎగరేశాం. ఇళ్ల కప్పులు, పడవలు, ట్రాక్టర్ల మీద జనం, అన్నం పొట్లాలకు చాచిన చేతులు, అన్నీ తీశాం. గోడ మీద తలుపు నంబరు చదవగలిగే కెమెరాలు మా చేతుల్లో ఉన్నాయి. కానీ ఏ వీధిలో, ఏ ఇంటి ముందు, ఏ రోజు, ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో చెప్పే వరస మా ఎవరి దగ్గరా లేదు. నలుగురం నాలుగు వీధులు పంచుకుని, గుమ్మం పక్కన బురద గీత కనపడేలా ప్రతి ఇంటినీ తీసి, నంబరు రాసి పెట్టి ఉంటే రేపు ఆ వీధుల్లో ఇల్లు కట్టుకునేవాడికి, కాలవకు గట్టు కట్టే ఇంజనీరుకు ఉపయోగపడేది. మేం కళ్లు చెదిరే ఫ్రేము కోసం వెతికాం. అది దొరికింది, ఒక రోజంతా ఫోన్లలో తిరిగింది, తర్వాత ఏమైందో తెలియదు.

ఇంకొకటి రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. చర్మం మీద సన్నటి రంధ్రం కూడా పట్టే సెన్సర్ కొన్నాం. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చర్మాన్నే చెరిపేశాం. అమ్మవారు పోసిన మచ్చలు, నుదుటి మీద ముడతలు, పుట్టుమచ్చలు, అన్నీ నునుపు. పాతవాళ్లూ టచింగ్ చేసేవారు, సన్నటి పెన్సిల్‌తో నెగటివ్ మీద, కళ్ల కింద నీడ కొంచెం తగ్గించడానికి. మేం రంగే మార్చాం. నాట్లు వేసి, కలుపు తీసి, ఎండకు నల్లబడిన తల్లి పక్కన ఆమె కూతురిని మైదా పిండి తెలుపులో నిలబెట్టాం. ఓణీల ఫంక్షన్‌కు పన్నెండేళ్ల పిల్లను కూర్చోబెట్టి, ఫొటో చూపించేటప్పుడు "తెల్లగా చేస్తాలే అమ్మా" అని ఊరడించాం. ఆ పిల్ల అప్పటిదాకా తన రంగు గురించి ఏమనుకుందో, ఆ మాట విన్నాక ఏమనుకుందో మేం ఆలోచించలేదు. పార్టీ అడిగింది చేశాం అంటాం. చాలాసార్లు వాళ్లు అడగకముందే చేశాం.

ఆ కోట్ల చుక్కలకు అసలు పనే లేదని అనను. పని ఉంది, మా కళ్ల ముందే ఉంది. అమరావతి స్తూపం రాళ్లను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపితే, అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి, మద్రాసు ప్రభుత్వానికి ఫొటోగ్రాఫరుగా ఉన్నవాడు, వాటిని వరసగా ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది ఆ రాళ్లలో చాలావరకు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. అప్పటికి ఏ రాయి ఎలా ఉందో ఇవాళ్టికీ ఆ ఫొటోలు చూసి చెప్పవచ్చు. ఆయన పరదేశి పాలకుడి నౌకరు, ఆయనకు ఈ నేలతో చుట్టరికం లేదు. అయినా పద్ధతిగా తీశాడు, దాచదగినట్టు తీశాడు.

అదే అమరావతి పేరుతో 2015లో రాజధాని వస్తోందన్నారు. అక్టోబరు 22న, దసరా రోజున, ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. మేమంతా వెళ్లాం. వేదికను, హెలికాప్టర్లను, జనసందోహాన్ని తీశాం. ఆ చుట్టుపక్కల 29 ఊళ్లు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే భూములు: అరటి, జామ, మల్లె, లంకల్లో కూరగాయలు. ఆ పొలాలు ఇక అలా ఉండవని అందరికీ తెలుసు. మా దగ్గర అప్పుడు 36 మెగాపిక్సెల్ ఉంది, 50 కూడా వచ్చేసింది. ఊరంతటినీ రామాలయం ముందు వరసలుగా నిలబెట్టి ఒక్క ఫొటో తీస్తే చివరి వరసలో తాత భుజం మీద కూర్చున్న పిల్లాడి ముఖం కూడా స్పష్టంగా తెలిసే కెమెరాలు. ఆ సెన్సర్లు సరిగ్గా ఇలాంటి పనికే పుట్టాయి. ఊరికొకటి చొప్పున 29 ఫొటోలు, కింద పేర్లు. నెల రోజుల పని. పదిమందిమి పంచుకుంటే ఆదివారాల్లో అయిపోయేది. అది మాకు తోచలేదు. ఆ నెలల్లో మేం 5డిఎస్ మంచిదా, వస్తుందంటున్న తర్వాతి నికాన్ కోసం ఆగాలా అని వాదించుకున్నాం.

వరికోత మిషన్లు రాకముందు కుప్పనూర్పిళ్లు, ఏలూరు కాలవ మీద పడవలు, పెడనలో చెక్క అచ్చులు చెక్కే చేతులు, కొండపల్లిలో పొణికి చెక్క బొమ్మగా మారే క్రమం, గాంధీనగర్ సినిమా ఆఫీసుల్లో రీళ్ల పెట్టెలు మోసినవాళ్లు. వీటిలో ప్రతిదాన్నీ మాలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తీశారు, పోటీలకు పంపడానికి. పోటీకి వెళ్లిన ఫొటోకు శీర్షిక "శ్రమ" అనో "జీవనం" అనో ఉంటుంది. అచ్చు చెక్కుతున్న మనిషి పేరు ఉండదు. ఊరి పేరు కూడా ఉండదు. నలుపు తెలుపులోకి మార్చి, కాంట్రాస్టు పెంచి, అంచులు చీకటి చేసి పంపాం. మెడల్ వచ్చిన రోజు ఆ మనిషికి కబురు చెప్పినవాళ్లు ఎంతమంది?

కొత్త బాడీ కిస్తీలు కట్టడానికి మేం కోత పెట్టిన చోటు కూడా చెప్పాలి. లైట్ పట్టుకునే కుర్రాళ్ల కూలిలో కోసుకున్నాం. తెల్లవార్లూ నిలబడి, భోజనాల దగ్గర చివరి బంతిలో కూర్చుని, పొద్దున్నే బస్సెక్కిన ఆ పిల్లలకు పని నేర్పిస్తామన్నాం. నేర్పింది కెమెరా మోడళ్ల పేర్లు. వెలుగు ఎటునుంచి పడితే ముఖం ఎలా మారుతుందో నేర్పడానికి మాకు తీరిక లేకపోయింది. ఇప్పుడు వాళ్లు సొంత స్టూడియోలు పెట్టుకున్నారు, మా దగ్గర చూసిందే చేస్తున్నారు.

దాచడానికి ఖర్చవుతుందన్న మాట నిలవదు. పెళ్లికి నాలుగు వేల రా ఫైళ్లు ఉంచక్కర్లేదు. ఆల్బంకు ఏరిన నాలుగు వందల్ని 12 మెగాపిక్సెల్‌కు తగ్గించి జేపెగ్ చేస్తే రెండు జీబీ చుట్టూ వస్తుంది. ఏడాది పెళ్లిళ్లన్నీ అరచేతిలో పట్టే డ్రైవులో ఇమిడిపోతాయి. రెండు డ్రైవులు, ఒకటి స్టూడియోలో, ఇంకొకటి వరద రాని ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో. పేరు, ఊరు, తేదీ టైపు చేయడానికి పెళ్లికి పది నిమిషాలు. ఇది 2005లోనూ చేయగలిగిందే.

ఇంకా పూర్తిగా చేజారలేదు. 2004 పుష్కరాలవి, 2009 వరదవి, 2016 పుష్కరాలవి, మధ్యలో వందల పెళ్లిళ్లవి, పాత సీడీల్లో, తిరగడం మానని కొన్ని హార్డ్ డిస్కుల్లో కొంత మిగిలే ఉంది. చిన్న ఫైళ్ల కాలం నాటివే ఎక్కువ మిగిలాయి, అప్పుడు చెరిపే అవసరం రాలేదు కాబట్టి. ఆ ముఖాలకు పేర్లు చెప్పగలిగినవాళ్లు కోడూరులో, నాగాయలంకలో, మందడంలో, పాయకాపురంలో ఉన్నారు. చాలామందికి డెబ్బై దాటింది. ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ల అరుగుల మీద కూర్చుని, ఒక్కో ముఖం చూపించి, ఎవరని అడిగి రాసుకోవాలి. అది చేయాల్సినవాళ్లం మేమే. ఇప్పటిదాకా ఒక్క ఊరికీ వెళ్లలేదు.